తోటదీపములు - భూసంధానము

వానకాలమున చీకటిపడు వేళ ఉద్యానవనములలోను, బడి ఆవరణలలోను, ఇండ్ల ముంగిళ్లలోను వెలుగు దీపస్తంభములు కనులకు ఇంపుగా నుండును. కాని ఆ స్తంభము ఇనుపది. దాని క్రింది నేల తడిసినది. దాని చుట్టును ఆడుకొను పిల్లలు తరచుగా వట్టికాళ్లతో నుందురు. ఇంటిలోని దీపమునకును, తోటలోని దీపమునకును గల భేదమంతయు ఈ మూడు వాక్యములలోనే ఇమిడి యున్నది. ఇంటిలో దీపము పైకప్పునుండి వ్రేలాడుచు చేతికి అందకుండును. నేల పొడిగా నుండును. తోటలో దీపము చేతికందును. నేల తడిగా నుండును. అందుచే ఇంటిలో ఎవరి కంటను పడకుండ సాగిపోవు చిన్న దోషము తోటలో ప్రాణముమీదికి తేవచ్చును.

“స్తంభమునకు ఎర్తు ఉన్నది కదా, ఇంక భయమెందుకు?” అని పలువురు అనుకొందురు. స్తంభము ప్రక్కన ఒక ఇనుప గొట్టమును పాతి, దానికి తీగను బిగించినంతనే అపాయము తొలగిపోయినదని నమ్ముట పరిపాటి. ఈ నమ్మకము ఎంతవరకు సరియైనదో లెక్కవేసి చూడవచ్చును. అందులకు కావలసిన గణితము ఉన్నత పాఠశాలలో నేర్చుకొను ఓము సూత్రము మాత్రమే.

భూమియు ఒక తీగయే

భూమి విద్యుత్తును ప్రసరింపజేయునను సంగతి తంతి యంత్రముల కాలముననే తెలిసినది. మొదటి తంతి మార్గములలో ప్రవాహము పోవుటకు ఒక తీగయు, తిరిగి వచ్చుటకు మరియొక తీగయు వేసెడివారు. 1838లో జర్మనీ దేశమున స్టైన్‌హైల్ అను శాస్త్రజ్ఞుడు రెండవ తీగ అక్కరలేదనియు, రెండు కొనలయందును లోహపు పలకలను భూమిలో పాతినచో భూమియే రెండవ తీగవలె పనిచేయుననియు కనుగొనెను.

దీనినుండి ఒక ముఖ్యవిషయమును గ్రహింపవలెను. “కరెంటు భూమిలోనికి పోయి ఇంకిపోవును” అను మాట సరికాదు. నీరు ఇంకినట్లు విద్యుత్తు ఇంకదు. ప్రవాహము ఎచ్చటనుండి బయలుదేరినదో అచ్చటికే తిరిగి చేరవలెను. లేనిచో ప్రవాహమే యుండదు. మన వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు నుండి బయలుదేరిన విద్యుత్తు ఫేజు తీగద్వారా దీపమును చేరి, న్యూట్రలు తీగద్వారా ట్రాన్స్‌ఫార్మరునకు తిరిగి పోవుచుండును. ట్రాన్స్‌ఫార్మరువద్ద ఆ న్యూట్రలును భూమితో కలిపి యుంతురు. పిడుగు పడినప్పుడుగాని, 11,000 వోల్టుల తీగచుట్ట చెడి తక్కువ వోల్టేజి చుట్టను తాకినప్పుడుగాని ఇండ్లకు పోవు తీగల పొటెన్షియల్ హద్దుమీరి పెరుగకుండుటకై ఈ ఏర్పాటు అవసరము.

కాని దీనివలన మరియొక ఫలితము కలుగుచున్నది. ఫేజు తీగకును మనము నిలుచున్న నేలకును నడుమ సుమారు 230 వోల్టుల భేద మేర్పడును. తీగపై వ్రాలిన పిచ్చుకకు ఏమియు కాదు; దాని రెండు కాళ్లును ఒకే తీగపై నున్నవి. నేలపై నిలిచి ఫేజును తాకిన మనిషి మాత్రము ఆ తీగకును ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రలునకును నడుమ తానే ఒక వంతెన యగును.

దోషము ఎట్లు పుట్టును?

ఫేజు తీగను స్తంభమునుండి వేరుచేసి ఉంచునది దానిపైనున్న ప్లాస్టిక్ తొడుగు. ఇట్లు విద్యుత్తును పోనీయని పదార్థములను బంధకము లందురు. తోటలో ఈ బంధకమునకు శత్రువులు పెక్కు. ఎండకు తొడుగు బిరుసెక్కి పగుళ్లు వారును. పాదులు త్రవ్వునపుడు పారయో గునపమో తగిలి తీగ తెగును. ఎలుకలు, పందికొక్కులు కొరుకును. స్తంభములోనికి తీగ దూరు రంధ్రపు అంచు పదునుగా నున్నచో, గాలికి స్తంభము ఊగినప్పుడెల్ల తొడుగు ఒరసికొనును.

అన్నిటికంటె అపాయకరమైనది నీరు. పగటియెండకు దీపపు గూటిలోని గాలి వ్యాకోచించి కొంత వెలికి పోవును. రాత్రి చల్లబడినప్పుడు గాలి సంకోచించి, బయటి తేమగాలిని సందులగుండ లోనికి పీల్చుకొనును. ఆ తేమ చుక్కలై అడుగున చేరును. ఇట్లు వాన పడకున్నను గూటిలో నీరు నిలువవచ్చును. ఇట్టి నీటిలో దుమ్మును, లవణములును కరిగియుండుటచే అది విద్యుత్తుకు చక్కని దారి యగును. ఒట్టి టేపు చుట్టి నేలలో పూడ్చిన అతుకులు ఒకటి రెండు వానలకే చెడును.

స్విచ్చిని ఫేజు తీగలో గాక న్యూట్రలు తీగలో బిగించుట మరియొక దోషము. అప్పుడు స్విచ్చి ఆర్పినను దీపము ఆరునేగాని ఫేజు తీగ స్తంభములో సజీవముగనే యుండును. దీపము ఆరిపోయినది కావున కరెంటు లేదనుకొని చేయిపెట్టినవాడు ప్రమాదమునకు గురియగును.

శరీరమునకు ఎంత ప్రవాహము అపాయము?

శరీరమునకు హానిచేయునది దానిగుండ పోవు ప్రవాహము, అది పోవు మార్గము, అది నిలుచు కాలము. వోల్టేజి ఆ ప్రవాహమును త్రోయు బలము మాత్రమే.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున విద్యుత్ శాస్త్రాచార్యుడైన చార్లెస్ డాల్జియెల్ 1940-50 దశకములలో ఈ విషయమై పెక్కు పరిశోధనలు చేసెను. చేతితో పట్టుకొన్న తీగను మనిషి తనంతట తాను విడువగల గరిష్ఠ ప్రవాహము పురుషులకు సగటున సుమారు 16 మిల్లీ ఆంపియర్లనియు, స్త్రీలకు సుమారు 10.5 మిల్లీ ఆంపియర్లనియు ఆయన తేల్చెను. అంతకు మించినచో చేతి కండరములు బిగిసికొనిపోయి తీగను విడువనీయవు. “కరెంటు పట్టుకొన్నది” అని జనులనునది ఈ స్థితినే. నిజమునకు కరెంటు మనిషిని పట్టుకొనదు. మనిషి కండరములే తీగను పట్టుకొని విడువలేకపోవును. 30 మిల్లీ ఆంపియర్లు దాటి కొంతసేపు నిలిచినచో ఊపిరి ఆడుట కష్టమగును. ఇంకను పెరిగినచో గుండె క్రమముతప్పి, రక్తమును నెట్టక వట్టిగా కంపించుచుండును. మరణమునకు ముఖ్యకారణ మిదియే.

పొడిచర్మముగల మనిషి శరీర నిరోధము కొన్ని వేల ఓములుండును. చేతులు, కాళ్లు తడిసియున్నపుడు అది సుమారు 1,000 ఓములకు దిగజారవచ్చును. ఈ సంఖ్యను ముందు లెక్కలకై జ్ఞాపకముంచుకొనవలెను.

గొట్టము చాలునా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఒక దీపస్తంభము ప్రక్కన 38 మిల్లీమీటర్ల వ్యాసము, 2.5 మీటర్ల పొడవు గల గాల్వనైజు చేసిన ఇనుప గొట్టమును పాతి, స్తంభమును దానికి కలిపినారనుకొందము. తోట నేల మధ్యరకపుది. దాని విశిష్ట నిరోధము 100 ఓము-మీటర్లు. ఇట్టి గొట్టమునకును చుట్టుపట్ల భూమికిని నడుమ నిరోధము సుమారు 35 ఓములని గణితము చెప్పుచున్నది.

ఇది గొట్టపు లోహము యొక్క నిరోధము కాదు. ప్రవాహము గొట్టమునుండి వెలికివచ్చి మట్టిలో వ్యాపింపవలెను. గొట్టమునకు ఆనుకొనియున్న మట్టిలో దారి ఇరుకు. దూరము పోయినకొలది దారి విశాలమగును. సంతలోనుండి వెలుపలికి వచ్చు జనులకు గుమ్మమువద్దనే త్రొక్కిసలాట యుండునుగాని మైదానములోనికి వచ్చిన పిదప ఉండదు. అట్లే నిరోధములో ఎక్కువ భాగము గొట్టము దగ్గరి మట్టిలోనే యుండును. గొట్టము చుట్టును బొగ్గు, ఉప్పు వేయుట, గరాటుతో నీరు పోయుట ఇందులకే. కాని ఉప్పు వానలకు కరిగి పోవును. గొట్టమును తుప్పు పట్టించును. కృష్ణా, గోదావరి డెల్టాల ఒండ్రునేలలలో ఈ నిరోధము తక్కువగా నుండును. తెలంగాణములోని రాతినేలలలోను, సముద్రతీరమునకు ఎగువనుండు ఎండిన ఇసుకలోను 35 ఓములకు ఎన్నియో రెట్లు ఉండవచ్చును. ఒకే నేలయందైనను వేసవిలో ఎక్కువ, వానకాలములో తక్కువ.

ఇప్పుడు ఫేజు తీగ తొడుగు చెడి స్తంభమునకు తగిలినది. ప్రవాహము స్తంభమునుండి గొట్టమునకు, గొట్టమునుండి భూమికి, భూమినుండి ట్రాన్స్‌ఫార్మరువద్దగల ఎర్తుద్వారా న్యూట్రలునకు చేరును. ఆ వైపు నిరోధము 1 ఓము అనుకొన్నచో మొత్తము 36 ఓములు. 230ని 36చే భాగింపగా ప్రవాహము సుమారు 6.4 ఆంపియర్లు.

దీపముల లైనులో 10 ఆంపియర్ల ఫ్యూజుగాని, ఎమ్.సి.బి. అను స్వయం విచ్ఛేదకముగాని ఉన్నదనుకొందము. 6.4 ఆంపియర్లు దానికి లెక్కలోనిది కాదు. అది తెగదు, దీపమును ఆరదు. ఎవరికిని అనుమానము కలుగదు. కాని స్తంభముపై ఎన్ని వోల్టులున్నవి? 35 ఓములను 6.4 ఆంపియర్లచే హెచ్చింపగా 224 వోల్టులు! ఎర్తు ఉన్న స్తంభము 230 వోల్టులలో 6 వోల్టులను మాత్రమే తగ్గించుకొన్నది. తగిలిన మనిషికి ఈ 6 వోల్టుల తగ్గుదలవలన ఒరుగునది ఏమియు లేదు.

ఇంకొక సంగతి. ఈ దోషమువలన భూమిలో వ్యర్థమగు శక్తి సుమారు 1,470 వాట్లు. రాత్రి పండ్రెండు గంటలు దీపములు వెలిగినచో 17 యూనిట్లకు పైగా ఖర్చగును. కారణము తెలియకుండ కరెంటు బిల్లు ఒక్కసారిగా పెరిగినపుడు తోటదీపముల లైనును అనుమానించుట మంచిది.

గొట్టముల సంఖ్యను పెంచినచో చాలదా? 10 ఆంపియర్ల ఎమ్.సి.బి.లలో ఒక రకము క్షణములో తెగవలెనన్నచో 100 ఆంపియర్లదాక ప్రవాహము కావలసియుండును. అట్లన్న మొత్తము నిరోధము 2.3 ఓములకు మించరాదు. అందు ట్రాన్స్‌ఫార్మరువైపు 1 ఓము పోగా మనకు మిగులునది 1.3 ఓములు. ఒక్కొక్క గొట్టము 35 ఓములైనచో, ఒకదాని ప్రభావము మరియొకదానిపై పడనంత దూరదూరముగా 27 గొట్టములు పాతవలెను! ఒక తోటదీపమునకై ఇట్లు చేయుట సాధ్యము కాదు.

నేలపై పరచుకొన్న వోల్టులు

స్తంభమును తాకకున్నను అపాయము లేకపోలేదు. గొట్టమునుండి ప్రవాహము మట్టిలో వ్యాపించునపుడు నేల పైభాగమున పొటెన్షియల్ కొండవాలువలె ఏర్పడును. పై ఉదాహరణములో గొట్టమువద్ద 224 వోల్టులున్నచో, అర మీటరు దూరమున సుమారు 90, ఒక మీటరు దూరమున సుమారు 65, రెండు మీటర్ల దూరమున సుమారు 40 వోల్టు లుండును. వాలు గొట్టము దగ్గర మిక్కిలి నిటారుగా నుండి, దూరమున సన్నగిల్లును.

మీటరు దూరమున నిలిచి స్తంభముపై చేయివేసిన మనిషి చేతికిని కాలికిని నడుమ 224 నుండి 65 తీసివేయగా సుమారు 160 వోల్టుల భేదముండును. తడిసిన శరీరపు నిరోధము 1,000 ఓములైనచో 160 మిల్లీ ఆంపియర్లు పోవచ్చును. చేతిని విడువగల హద్దు 16 అని పైన చూచితిమి. ఇది దానికి పదిరెట్లు.

పశువుల విషయము ఇంకను కష్టము. ఆవు ముందుకాళ్లకును వెనుకకాళ్లకును నడుమ దూరము మనిషి అడుగుకంటె ఎక్కువ. ముందుకాళ్లు గొట్టమునకు అర మీటరు దూరమునను, వెనుకకాళ్లు రెండు మీటర్ల దూరమునను ఉన్నచో వాని నడుమ సుమారు 50 వోల్టుల భేద మేర్పడును. మనిషి రెండుకాళ్ల నడుమ పోవు ప్రవాహము చాలవరకు తొడలగుండనే పోవును. ఆవు ముందుకాళ్లనుండి వెనుకకాళ్లకు పోవు ప్రవాహము గుండె ప్రక్కగా పోవును. దాని గిట్టలు తడినేలను గట్టిగా త్రొక్కి యుండును. వానకాలమున స్తంభము చెంత మేయుచున్న పశువు హఠాత్తుగా కూలుటకు కారణమిదియే. అట్టి చోటికి పరుగెత్తుట మనిషికిని ప్రమాదమే. తీగ తెగిపడిన చోటినుండి మరలునపుడు కాళ్లు దగ్గరగా నుంచి చిన్న చిన్న అడుగులతో జరుగవలెనని చెప్పుటలోని అర్థము ఈ లెక్కవలన తెలియును.

లోహపు దారి

భూమి మార్గమున నిరోధము తగ్గింపజాలకపోయినచో, దోషప్రవాహమునకు భూమితో పనిలేని లోహపు దారిని కల్పించుట ఒక ఉపాయము. విద్యుత్ సంస్థ ఇంటికి ఎర్తు మార్గమును అందించు చోట్ల, ప్రతి స్తంభమునుండియు ఒక ఎర్తు తీగ ఫేజు, న్యూట్రలులతోపాటు వెనుకకు వచ్చి ప్రధాన ఎర్తు బిందువును చేరును. అచ్చటినుండి లోహపు మార్గముననే ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రలును చేరును. ఈ చుట్టు నిరోధము మొత్తము 2 ఓములే యైనచో దోషప్రవాహము 115 ఆంపియర్లు. ఎమ్.సి.బి. క్షణములో తెగును. స్తంభముపై వోల్టులు నిలుచుటకు వ్యవధియే యుండదు. ఎర్తు తీగ చేయు ముఖ్యకార్యము విద్యుత్తును భూమిలోనికి పారబోయుట కాదు; పెద్ద ప్రవాహమును పోనిచ్చి, విచ్ఛేదకము తెగునట్లు చేయుట.

ఇచ్చట కొందరు పనివారు ఒక అడ్డుదారి త్రొక్కుదురు. ఎర్తు తీగ ఖర్చు మిగుల్చుటకై స్తంభమును న్యూట్రలు తీగకే కలిపివేయుదురు. “న్యూట్రలును భూమితో కలిపినదే కదా” అని వారి వాదము. న్యూట్రలు తీగ ఎక్కడనైన తెగినపుడు ఈ వాదము ప్రాణముల మీదికి తెచ్చును. ఫేజునుండి విద్యుత్తు దీపముగుండ వచ్చి, తెగిన న్యూట్రలుద్వారా వెనుకకు పోలేక, దానికి కలిపిన స్తంభముపై నిలుచును. దోషమేదియు లేని స్తంభము కూడ అప్పుడు 230 వోల్టుల స్తంభమగును. కావున దీపమువద్ద న్యూట్రలును ఎర్తుగా ఎన్నటికిని వాడరాదు.

తేడాను కనిపెట్టు కాపలాదారు

ఎర్తు లోహమార్గము లేనిచోట, పాతిన గొట్టమే ఆధారమైనచోట, ఏమి చేయవలెను? దీనికి సమాధానము జమాఖర్చు లెక్కవంటి ఒక సూక్ష్మమైన ఆలోచనలో దొరకినది. ఫేజు తీగద్వారా లోనికి పోయిన ప్రవాహమంతయు న్యూట్రలు తీగద్వారా వెలికి రావలెను. పోయినదానికంటె వచ్చినది తక్కువైనచో, ఆ తేడా మరియొక దారిన, అనగా స్తంభముద్వారానో మనిషి శరీరముద్వారానో, భూమిలోనికి కారుచున్నదని అర్థము.

ఆర్.సి.సి.బి. అను పరికరములో ఒక అయస్కాంత పదార్థపు వలయముండును. ఫేజు, న్యూట్రలు తీగలు రెండును ఆ వలయముగుండ పోవును. రెండింటిలోని ప్రవాహములు సమానముగా, వ్యతిరేక దిశలలో ఉన్నంతవరకు వాని అయస్కాంత ప్రభావములు ఒకదాని నొకటి రద్దుచేసికొనును. తేడా వచ్చినంతనే వలయములో అయస్కాంత ప్రవాహము పుట్టి, దానిపై చుట్టిన మూడవ తీగచుట్టలో విద్యుత్తును ప్రేరేపించును. ఆ స్వల్ప విద్యుత్తు ఒక గడియను వదలించి లైనును తెంచివేయును. 1950 దశకములో దక్షిణాఫ్రికా బంగారు గనులలో ఇట్టి పరికరములు వాడుకలోనికి వచ్చెను. పైన చెప్పిన డాల్జియెల్ 1961లో 5 మిల్లీ ఆంపియర్ల తేడాకే తెగునట్టి ట్రాన్సిస్టరు పరికరమును రూపొందించెను. అమెరికా విద్యుత్ నియమావళి దీనిని 1968లో ఈతకొలనుల నీటిలోని దీపములకును, 1971 ప్రతిలో ఇండ్ల వెలుపలి ప్లగ్గులకును విధించినది. నీరు, తోట అను రెండు స్థలములే మొట్టమొదట ఎన్నుకొనబడుట గమనింపదగినది.

మనదేశమున ఇండ్లలో వాడునది సాధారణముగ 30 మిల్లీ ఆంపియర్లది. పూర్వపు లెక్కకు దీనిని అన్వయింతము. గొట్టపు నిరోధము 35 ఓములు. 30 మిల్లీ ఆంపియర్లు కారినంతనే లైను తెగును. అప్పటికి స్తంభముపైనుండు వోల్టేజి 35ను 0.03చే హెచ్చింపగా సుమారు 1 వోల్టు. గొట్టము ఎండిపోయి నిరోధము 1,000 ఓములైనను 30 వోల్టులే. 27 గొట్టములు చేయలేని పనిని ఒక గొట్టమును ఈ పరికరమును కలిసి చేసినవి.

అయినను దీని హద్దులను ఎరుగవలెను. ఒక చేత ఫేజును, మరియొక చేత న్యూట్రలును పట్టుకొన్న మనిషి దానికి ఒక దీపమువలెనే కనబడును. పోయినంత వచ్చుచున్నది కావున అది తెగదు. లైనుపై భారము హెచ్చినపుడును ఇది తెగదు. కావున దీనితోపాటు ఎమ్.సి.బి.యు ఉండవలెను. ఎర్తు తీగ లేకున్నను ఇది పనిచేయును గాని, అప్పుడు దోషము బయటపడుటకు మొదటి దారి మనిషి శరీరమే యగును. ఎర్తు తీగ యున్నచో మనిషి తాకకముందే తెగును. దీనిపైనున్న పరీక్ష మీటను నియమముగ నొక్కి, తెగుచున్నదో లేదో చూచుచుండవలెను.

వానపడినప్పుడెల్ల ఈ పరికరము తెగుచున్నదని విసిగి, దానిని తప్పించి తీగలు కలిపివేయువారున్నారు. ఇది ఇంటిలోనికి దొంగ వచ్చెనని మొరిగిన కుక్కను కట్టివేయుటవంటిది. తెగుచున్నదన్న, తోటలో ఎచ్చటనో నీరు చేరినదని అర్థము. వెదకి బాగుచేయవలసినది ఆ చోటును.

12 వోల్టుల మార్గము

అపాయమును దాని మూలముననే తొలగించు పద్ధతి ఒకటి కలదు. భద్రతా ట్రాన్స్‌ఫార్మరుద్వారా 230 వోల్టులను 12 వోల్టులకు తగ్గించి దీపములకు ఇచ్చుట. ఈ ట్రాన్స్‌ఫార్మరులో రెండు చుట్టలును పూర్తిగా వేరుగా నుండవలెను. ఒకే చుట్టనుండి కొంత భాగమును తీసికొను ఆటోట్రాన్స్‌ఫార్మరు ఇందులకు పనికిరాదు. 12 వోల్టుల వైపును భూమితో కలుపరాదు. దీపము బద్దలైనను, తీగ తెగినను అచ్చట ప్రాణభయముండదు. ట్రాన్స్‌ఫార్మరును మాత్రము వాన తగులని చోట నుంచవలెను.

ఈ పద్ధతిలో ఒక చిక్కు కలదు. వోల్టేజి తగ్గినచో అదే వెలుగునకు ప్రవాహము పెరుగును. 60 వాట్ల దీపములకు 12 వోల్టులవద్ద 5 ఆంపియర్లు కావలెను. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను 30 మీటర్లు లాగినచో, పోను రాను 60 మీటర్లకు నిరోధము సుమారు 0.7 ఓము. 3.5 వోల్టులు తీగలోనే నష్టమై, చివరి దీపము మసకబారును. ఎల్.ఇ.డి. దీపములు వచ్చిన పిదప ఈ చిక్కు చాలవరకు తీరినది. అవి 12 వాట్లతోనే తోటకు చాలిన వెలుగు నిచ్చును; అప్పుడు ప్రవాహము 1 ఆంపియరు, నష్టము 0.7 వోల్టు మాత్రమే. సూర్యరశ్మితో పనిచేయు చిన్న తోటదీపములలోనైతే కొద్దివోల్టుల బ్యాటరీయే యుండును. 230 వోల్టుల ప్రసక్తియే లేదు.

తీగలు వేయు పద్ధతి

230 వోల్టుల తీగలనే తోటలో వేయవలసివచ్చినచో ఉక్కు కవచముగల కేబులును 75 సెంటీమీటర్ల లోతున, ఇసుక పరపుపై వేసి, పైన మరల ఇసుక, దానిపై ఇటుకలు పేర్చి పూడ్చవలెను. గునపము మొదట ఇటుకకు తగిలి త్రవ్వువానికి హెచ్చరిక యగును. ఉక్కు కవచమును ఎర్తుతో కలుపవలెను. కేబులు పోవు దారిని ఒక పటముగా గీసి భద్రపరుపవలెను. నేలలో అతుకులు ఉండరాదు. అతుకులన్నియు స్తంభములోని పెట్టెలో, నేలకు పైని, నీరు నిలువని ఎత్తున ఉండవలెను.

దీపము కొనునపుడు దానిపై ‘ఐ.పి.’ అను అక్షరముల తరువాత నుండు రెండంకెలను చూడవలెను. మొదటి అంకె దుమ్మును, రెండవది నీటిని అడ్డుకొను శక్తిని తెలుపును. ఐ.పి. 65 అన్నచో దుమ్ము దూరదు. నీటిధార తగిలినను లోనికి చొరదు. నీటిలో మునిగియుండు దీపమునకు ఇది చాలదు. రెండవ అంకె 8 ఉండవలెను.

పెండ్లిండ్లకును, వినాయకచవితి పందిళ్లకును చెట్లపై చుట్టు దీపతోరణములలో తరచుగా ఎర్తు తీగయే యుండదు. సన్నని తీగలను ఇనుప మేకులతో కొట్టి, తడికొమ్మలకు కట్టుదురు. ఇట్టివాటిని ఆర్.సి.సి.బి. గల లైనునుండి మాత్రమే వెలిగింపవలెను.

భూసంధానము మనదేశమున 1956 నాటి భారత విద్యుత్ నియమములలోనే విధింపబడినది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోను, తిరిగి 2023లోను భద్రతా నియమములను ప్రకటించినది. భూసంధాన పద్ధతులను వివరించు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 3043 మొదట 1966లో వెలువడి, 1987లోను 2018లోను సవరింపబడినది. పనిని లైసెన్సు గల విద్యుత్ పనివానిచేతనే చేయించి, ఎర్తు నిరోధమును కొలిపించవలెను. కొలువని ఎర్తు ఉన్నదో లేదో చెప్పుట ఎవరితరమును కాదు.

తరగతిలో ఒక ప్రయోగము

నేలపై పొటెన్షియల్ వాలును విద్యార్థులకు అపాయము లేకుండ చూపవచ్చును. వెడల్పైన ప్లాస్టిక్ పళ్లెములో తడియిసుకను సమముగా పరుపవలెను. మధ్య ఒక మేకును గ్రుచ్చి, పళ్లెపు అంచువెంట తొడుగులేని రాగి తీగను వలయముగా అమర్చవలెను. 9 వోల్టుల బ్యాటరీ ఒక కొనను మేకునకు, రెండవ కొనను వలయమునకు కలుపవలెను. వోల్టుమీటరు ఒక కొనను వలయమునకు కలిపి, రెండవ కొనను మేకునుండి ఒక్కొక్క సెంటీమీటరు దూరమున ఇసుకలో ఆనించుచు కొలతలు వ్రాసికొనవలెను. దూరమును అడ్డముగను, వోల్టులను నిలువుగను తీసికొని రేఖాపటము గీసినచో వాలు కనబడును.

పిదప వోల్టుమీటరు రెండు కొనలను వలయముతో సంబంధము లేకుండ ఇసుకలోనే, మేకు దిక్కుగా, 2 సెంటీమీటర్ల ఎడముతో ఒకసారి, 6 సెంటీమీటర్ల ఎడముతో ఒకసారి ఆనించి చూడవలెను. మొదటిది మనిషి అడుగు, రెండవది ఆవు అడుగు. రెండింటి తేడా విద్యార్థుల మనస్సులో నాటుకొనును. ఇసుకను పొడిగాను, తడిగాను, ఉప్పునీటితోను ఉంచి, ప్రవాహము ఎట్లు మారునో మిల్లీ ఆమ్మీటరుతో చూడవచ్చును. ఈ ప్రయోగమును బ్యాటరీతో మాత్రమే చేయవలెను. ఇంటి కరెంటుతో ఎన్నడును చేయరాదు.

ప్రమాదము జరిగినపుడు

స్తంభమునకు అంటుకొనియున్న మనిషిని చేతితో లాగరాదు, లాగినవాడును అంటుకొనును. మొదట మెయిన్ స్విచ్చిని ఆర్పవలెను. అది దూరమున నున్నచో, పొడిచెక్కపైనో పొడిగోనెల దొంతరపైనో నిలిచి, పొడికర్రతో అతనిని త్రోసివేయవలెను. శ్వాస ఆడకున్నచో వెంటనే వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ రెండు అరచేతులను ఒకదానిపై నొకటి ఉంచి, నిమిషమునకు 100 నుండి 120 మార్లు, సుమారు 5 సెంటీమీటర్లు దిగునట్లు నొక్కుచుండవలెను. ఈలోగా మరియొకరు 108కి ఫోను చేయవలెను. వీధితీగ తెగిపడినచో ఎవ్వరిని దగ్గరకు పోనీయక విద్యుత్ సంస్థవారి 1912 సంఖ్యకు తెలుపవలెను.

వానకాలము రాకముందే ప్రతి బడియందును చేయదగిన పని ఒకటి కలదు. ఆవరణలోని దీపస్తంభములను లెక్కించి, ఒక్కొక్కదానికి ఎర్తు తీగ యున్నదా, ఆ లైనునకు ఆర్.సి.సి.బి. యున్నదా, పరీక్ష మీట నొక్కగా తెగుచున్నదా అను మూడు ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొనవలెను. మూడింటిలో ఒకదానికైన “లేదు” అను సమాధానము వచ్చినచో, బాగుచేయించువరకు ఆ దీపమును ఆర్పియుంచుటయే మేలు.